కొత్త కార్యకర్త

ఏ సంస్థలోనైనా కొత్తగా ఒకరు పనిలో చేరినప్పుడు వారిని తక్కినవారికి పరిచయం చేసే మర్యాద ఒకటి ఉన్నది. పేరు చెబుతారు. ఊరు చెబుతారు. ఏ విశ్వవిద్యాలయంలో ఏ పట్టం పొందినదీ, ఇంతకు ముందు ఎక్కడ ఎన్నేళ్ళు పనిచేసినదీ వివరిస్తారు. న్యాయ సహాయ సంస్థ అయితే న్యాయశాస్త్రంలో పట్టా ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న. జంషెడ్పూరులోని ఉచిత న్యాయ సహాయ సంఘానికి 1996-97 ప్రాంతంలో పరిచయమై, తరువాత దాని పనిలో పాలుపంచుకున్న ఒక స్త్రీని ఈ మర్యాద ప్రకారం పరిచయం చేయవలసి వస్తే, దరఖాస్తులోని గడులన్నీ దాదాపు ఖాళీగానే మిగిలిపోయేవి. ఆమెకు చదువు లేదు. ఉద్యోగానుభవం లేదు. తలదాచుకొనడానికి సొంత ఇల్లయినా లేదు. ఆమెకు ఉన్న అనుభవమల్లా ఒక్కటే: సాటి గ్రామస్థులే ఆమెను మంత్రగత్తె అని ఊరు వెళ్ళగొట్టారు.

ఆమె పేరు ఛుట్నీ మహతో. 2021లో భారత ప్రభుత్వం ఆమె సంఘసేవను గుర్తించి పద్మశ్రీ ప్రదానం చేసింది. కాని ఆ బిరుదు ఆమె కథకు ముగింపు మాత్రమే. ఒక న్యాయ సహాయ సంస్థకు న్యాయవాదులు ఉండగా, అక్షరం రాని ఒక పల్లెటూరి ఇల్లాలితో పని ఏమి పడింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినప్పుడే ఆ బిరుదుకు అర్థం తెలుస్తుంది.

జంషెడ్పూరు తెలుగువారికి కొత్త ఊరు కాదు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ ఇక్కడి సాక్చీ గ్రామం వద్ద కర్మాగారం నిర్మించింది. దాని చుట్టూ పెరిగిన నగరానికి 1919లో జంషెట్జీ టాటా పేరు పెట్టారు. దేశం నలుమూలల నుంచి పని కోసం వచ్చినవారిలో ఉత్తరాంధ్ర జిల్లాలవారు కూడ ఉన్నారు. బిష్టుపూర్‌లో వారు కట్టుకున్న శ్రీరామ మందిరం తెలుగువారి ఉనికికి నేటికీ గుర్తు. తీర్చిన వీధులు, ఆసుపత్రులు, కళాశాలలు, రాత్రి ఆకాశాన్ని ఎర్రబరచే కొలుముల వెలుగు - ఇదీ ఆ నగరం. సువర్ణరేఖా నది, ఖర్‌కాయి నది దోముహాని వద్ద కలుసుకునే చోట దానికి ఎల్ల. కాని నది దాటి కొన్ని మైళ్ళు పోతే మరొక లోకం మొదలవుతుంది. అక్కడ బిడ్డకు జ్వరం వస్తే మొదట వెతుక్కునేది వైద్యుణ్ణి కాదు, ఓఝాను. ఓఝా అంటే మన పల్లెలలో భూతవైద్యుడు వంటివాడు.

వైద్యుడు రోగి దగ్గరకు వచ్చి, ఈ జబ్బు దేనివల్ల వచ్చిందని ఆలోచిస్తాడు. ఓఝా ఆలోచించేది ఎవరివల్ల వచ్చిందని. దేనివల్ల అన్న ప్రశ్న ఎవరివల్ల అన్న ప్రశ్నగా మారిన క్షణంలో ఊరిలో ఒక స్త్రీకి ఆపద మొదలవుతుంది. ఆమె వితంతువు కావచ్చును. కొడుకులు లేనిది కావచ్చును. నలుగురిలో నోరెత్తి మాట్లాడేది కావచ్చును. పాలివాళ్ళ కన్ను పడిన ఎకరమో అరెకరమో భూమి ఆమె పేర ఉండవచ్చును. అట్టి స్త్రీని ఆ ప్రాంతంలో డాయన్ అంటారు. ఒకసారి ఆ మాట పడిన తరువాత ఆవు వట్టిపోయినా, బావి ఎండినా, పసిపాప ఏడ్చినా ఆ నేరం ఆమెదే.

ఛుట్నీ మహతోకు పన్నెండేళ్ళ ప్రాయంలో మహతాండీహ్ అనే గ్రామంలో వివాహం జరిగింది. పిల్లలు కలిగారు. 1995 సెప్టెంబరు మొదటి రోజులలో పొరుగింటి పిల్లకు జబ్బు చేసింది. ఛుట్నీ చేతబడి చేసినదని ఊరు అనుకున్నది. పంచాయితీ కూర్చున్నది. నేరం రుజువైనదని తీర్మానించి రూ. 500 జరిమానా విధించారు. ఆమె చెల్లించారు. చెల్లించినందువల్ల గొడవ సద్దుమణుగుతుందని ఆమె తలచి ఉండవచ్చును. కాని జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్లే అని ఊరు అర్థం చేసుకున్నది. పిల్లకు జబ్బు తగ్గలేదు. రెండు రోజులైనా గడవకముందే జనం గుంపుగా ఇంటి మీదికి వచ్చి ఆమెను బయటకు ఈడ్చారు, కొట్టారు, బట్టలు చించారు. మంత్రగత్తె శక్తి నశించాలంటే మలం తినిపించాలని ఓఝాలు చెప్పే మాటను అమలు చేయజూశారు. ఈ సంగతులను ఆమె తరువాతి కాలంలో దాచుకోలేదు. ఎక్కడికి పోయినా, ఎవరు అడిగినా చెప్పారు.

తనను చంపదలచారని తెలిసిన రాత్రి ఆమె పిల్లలను వెంటబెట్టుకుని చీకటిలో ఖర్‌కాయి నది దాటి తోడబుట్టినవాని ఇల్లు చేరుకున్నారు. పుట్టింటివైపు కూడ ఆ నింద ఆమెకన్న ముందే నడిచి వచ్చింది. మంత్రగత్తె అన్న పేరు పడిన ఆడపడుచు ఇంట ఉంటే తమకు కూడ కీడు మూడుతుందన్న భయం అక్కడా ఉన్నది. చివరకు ఒక చెట్టు కింద గుడిసె వేసుకుని కూలి పని చేసుకుంటూ ఆమె పిల్లలను పెంచవలసి వచ్చింది.

ఆ సమయంలో చట్టం ఎక్కడ ఉన్నది? కొట్టడం నేరమే. అవమానించడం నేరమే. ఇల్లు చొరబడడం నేరమే. అప్పటి భారత శిక్షాస్మృతిలో ఇవన్నీ ఉండేవి. కాని ఒక స్త్రీని మంత్రగత్తె అని వేలెత్తి చూపడం, ఏ మాట వల్ల తక్కిన నేరాలన్నీ పుడుతున్నవో ఆ మాట అనడం, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ప్రత్యేకమైన నేరంగా అప్పటికి లేదు. మరొక సంగతి కూడ గమనింపదగినది. పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించేందుకు పార్లమెంటు 1987లో చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం, ఎనిమిదేళ్ళ జాప్యం తరువాత, సరిగ్గా ఆ ఏడే 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. అనగా ఆమె నది దాటిన రెండు నెలలకే ఆమె చేతికి ఒక హక్కు వచ్చింది. కాని ఢిల్లీ గెజెట్టులో అచ్చయిన హక్కు చెట్టు కింది గుడిసెకు తనంతట తాను నడిచి రాదు. ఎవరో ఒకరు దానిని మోసుకొని పోవాలి.

ఆ మోత పనికి పూనుకున్నవారి చరిత్ర బీహారు, ఝార్ఖండ్ ప్రాంతాలలో చిన్నది కాదు. 1976లో చేసిన 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 39-ఎ అధికరణం చేరి, పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కారాదని ఆదేశించింది. 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో సుప్రీం కోర్టు బీహారు జైళ్ళ తలుపులు తెరిచి చూసింది. నేరం రుజువైతే పడే శిక్షాకాలం కన్న ఎక్కువ కాలం విచారణ లేకుండానే మగ్గుతున్నవారు అక్కడ కనిపించారు. ఆ తరువాత 1982లో జంషెడ్పూరు ఉచిత న్యాయ సహాయ సంఘం పేరుతోనే ఒక తీర్పు వెలువడింది. బెయిలు మీద విడుదలైన నిందితుడు, పోలీసులు అభియోగపత్రం దాఖలు చేసి కోర్టు పిలుపు పంపేదాకా, వాయిదా వాయిదాకూ మేజిస్ట్రేటు ఎదుట నిలబడనక్కరలేదని సుప్రీం కోర్టు ఆ కేసులో చెప్పింది. చదువుకున్నవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చును. పదిహేను రోజులకొకసారి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ అప్పు చేసి, పట్టణానికి వచ్చి, పేరు పిలవగానే చేయెత్తి తిరిగిపోయే కూలివానికి అది పెద్ద విషయం.

కోర్టులో అట్టి విజయాలు సాధించగలిగిన సంఘానికి 1990ల తొలి సంవత్సరాలలో చుట్టుపట్ల గ్రామాలలోని మంత్రగత్తెల వేట ఒక కొత్త సమస్యగా ఎదురయింది. ప్రఖ్యాత హిందీ రచయిత పేరే గల ప్రేమ్‌చంద్ ఆ ఉద్యమానికి నాయకత్వం వహించారు. ఇక్కడ న్యాయవాదుల నేర్పు చాలలేదు. కేసు నడపాలంటే ఫిర్యాదు కావాలి. ఫిర్యాదు చేయవలసిన స్త్రీ ఊరు విడిచి పారిపోయి ఉంటుంది, లేదా ఊరిలోనే నోరు మూసుకుని ఉంటుంది. సాక్షులు కావాలి. సాక్ష్యం చెప్పవలసినవారే నిన్నటి గుంపులో నిలబడినవారు. భర్త, అత్తమామలు, మరుదులు ఒక్కోసారి ఊరి పక్షానే ఉంటారు. అన్నిటికంటె పెద్ద అడ్డంకి మరొకటి: తాను నిజంగానే మంత్రగత్తెనేమో అన్న అనుమానం ఆ స్త్రీ మనసులోనే పుట్టి ఉండవచ్చును. నలువైపులా వందమంది ఒకే మాట అంటుంటే ఒంటరి మనిషి తన్ను తాను ఎంతకాలం నమ్ముకోగలదు?

పట్టణం నుంచి తెల్లచొక్కా వేసుకుని వచ్చిన వకీలు ఆ గుడిసె ముందు కూర్చుని, "అమ్మా, నీకు హక్కులున్నాయి" అంటే ఆమె తలవంచుకుని వింటుంది. ఏమీ చెప్పదు. అదే మాట మరొక స్త్రీ వచ్చి, "నన్నూ ఇలాగే అన్నారు, నన్నూ ఇలాగే కొట్టారు, ఇదిగో బతికి ఉన్నాను" అని మొదలుపెడితే ఆ తల పైకి లేస్తుంది. సంఘానికి లోటుగా ఉన్నది ఈ రెండవ మనిషి.

ఆ లోటును తీర్చినది ఛుట్నీ మహతో. సంఘం సభ్యులు తన దగ్గరకు వచ్చినప్పుడు ఆమె సహాయం కోరే బాధితురాలు. తరువాత ఆమె మరొకరికి సహాయం చేసే కార్యకర్త అయ్యారు. ఈ మార్పు చెప్పినంత సులభం కాదు. అట్టి దెబ్బ తిన్న మనిషికి మొదట కలిగే కోరిక ఆ సంగతి మరచిపోవడం. కార్యకర్తగా ఉండడమంటే ప్రతి కొత్త ఊరిలోనూ, ప్రతి కొత్త గుంపు ఎదుటా ఆ రాత్రిని తిరిగి తలచుకోవడం. ఆమె దానికి సిద్ధపడ్డారు.

ఆమెకు చదువు లేకపోయినా హిందీ, బెంగాలీ, ఒడియా మూడు భాషలూ ధారాళంగా మాట్లాడగలరు. మూడు భాషలు కలిసే ఆ సరిహద్దు సీమలో ఇది ఏ పట్టాకూ తీసిపోని అర్హత. పంచాయితీ ఎలా కూర్చుంటుందో, ఎవరి మాటకు ఊరు లోబడుతుందో, జరిమానా కట్టిన తరువాత ఏమి జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఓఝా పలికే ప్రతి మాట వెనుక ఉన్న బేరం ఆమె ఎరుగుదురు. మంత్రగత్తె అన్న మాటకూ మొదటి దెబ్బకూ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉంటుందో ఆమె ఒంటికి తెలుసు. అందుచేతనే ఎక్కడైనా ఒక స్త్రీ మీద ఆ నింద పడినదని కబురు అందిన వెంటనే బయలుదేరడం ఆమె పద్ధతి అయింది. తోటి కార్యకర్తలతో ఆ ఊరికి పోతారు. ముందు ఆ స్త్రీ ప్రాణం కాపాడవలె. తరువాత ఊరివారితో మాట్లాడి, ఇది నేరమని, దీనికి జైలు ఉన్నదని చెప్పవలె. వినకపోతే పోలీసు ఠాణాకు పోవలె. ఠాణాలో ఫిర్యాదు తీసుకొనడానికి జంకితే పై అధికారుల దాకా పోవలె. ఈ క్రమంలో కోర్టు చివరి మెట్టు. న్యాయవాది ఎక్కవలసినది ఆ చివరి మెట్టు మాత్రమే. తక్కిన మెట్లన్నీ కార్యకర్తవి.

బీహారు శాసనసభ 1999లో మంత్రగత్తె ఆచార నిరోధక చట్టం చేసింది. ఈ విషయమై దేశంలో ఒక రాష్ట్రం చేసిన మొట్టమొదటి ప్రత్యేక చట్టం అది. దానికై ఒత్తిడి తెచ్చినవారిలో జంషెడ్పూరు సంఘానిది ప్రముఖ పాత్ర. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ వేరు రాష్ట్రమైన తరువాత 2001లో ఆ చట్టాన్ని తనదిగా స్వీకరించింది. దాని ప్రకారం ఒక స్త్రీని మంత్రగత్తె అని ముద్ర వేసినవారికి 3 నెలల వరకు జైలు, లేదా రూ. 1,000 జరిమానా, లేదా రెండూ. ఆ నెపంతో శారీరకంగా గాని మానసికంగా గాని హింసించినవారికి 6 నెలల వరకు జైలు, లేదా రూ. 2,000 జరిమానా, లేదా రెండూ. ఝాడ్-ఫూఁక్ పేరిట ఆమెకు వైద్యం చేస్తానని బాధించే ఓఝాకు ఒక ఏడాది వరకు శిక్ష ఉన్నది. ఈ నేరాలన్నీ పోలీసులు తమంతట తాము కేసు పెట్టదగినవి, బెయిలు హక్కుగా లభించనివి.

ఈ శిక్షలు స్వల్పమని విమర్శించేవారు చాలమంది ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఒక జీవితాన్ని బుగ్గి చేసినందుకు రూ. 2,000 జరిమానా అనడం వింటేనే మనసు చివుక్కుమంటుంది. చట్టం వచ్చినంత మాత్రాన హత్యలు ఆగలేదు కూడ. అయితే కార్యకర్త కళ్ళతో చూస్తే ఈ చట్టానికి మరొక ప్రయోజనం కనిపిస్తుంది. హత్య జరిగిన తరువాత శిక్షించే చట్టాలు పూర్వమే ఉన్నాయి. హత్యకు ముందు, కేవలం మాట దగ్గరే, ఊరి పెద్ద ఎదుట నిలబడి "ఈ మాటకే జైలు" అని చెప్పగలిగే ఆధారం పూర్వం లేదు. ఛుట్నీ వంటివారి చేతిలో ఆ చట్టం న్యాయస్థానంలో కంటె రచ్చబండ దగ్గర ఎక్కువగా పనిచేస్తుంది.

ఇది ఎక్కడో అడవి జిల్లాల ఆచారమని, మనకు సంబంధం లేదని తెలుగు పాఠకులు అనుకొనరాదు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో చిల్లంగి అన్నా, మెదకు ప్రాంతంలో బాణామతి అన్నా, మరొకచోట చేతబడి అన్నా జబ్బు ఒక్కటే. మనవైపు స్త్రీలతో పాటు పురుషులు కూడ దీనికి బలి అవుతున్నారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2021లో మంత్రతంత్రాల కారణంగా దేశంలో 68 హత్యలు జరిగాయి. అందులో ఛత్తీస్‌గఢ్‌లో 20, మధ్యప్రదేశ్‌లో 18, తరువాతి స్థానంలో తెలంగాణలో 11. ఇవి ప్రాణం పోయినవారి లెక్కలు. కొట్టించుకుని బతికినవారు, ఊరు విడిచి పోయినవారు, జరిమానా కట్టి నోరు మూసుకున్నవారు ఈ లెక్కలో లేరు. 1995లో ఛుట్నీ మహతో కూడ ఏ లెక్కలోనూ లేనిదే.

చదువుతో పనిలేకుండా ప్రజల మధ్య నుంచే న్యాయ సహాయకులను ఎంపిక చేసుకోవాలన్న ఆలోచనను ప్రభుత్వం కూడ క్రమంగా అంగీకరించింది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం ప్రవేశపెట్టింది. న్యాయస్థానానికీ సామాన్యునికీ మధ్య నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే మనిషి అవసరమని ఆ పథకం గుర్తించింది. జంషెడ్పూరు పరిసర గ్రామాలలో ఆ పని అంతకు పదేళ్ళకు పైగా ముందే, ఏ పథకమూ లేకుండానే, సాగుతున్నది.

2000 ప్రాంతం నుంచి ఛుట్నీ మహతో ఆశా అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేస్తూ, సరాయికెలా-ఖర్సావా జిల్లా గమ్హరియా సమీపంలోని బీర్‌బాంస్ గ్రామంలో ఒక పునరావాస కేంద్రం నడుపుతూ వచ్చారు. ఒకనాడు ఆమె తలదాచుకొనడానికి చోటు లేక చెట్టు నీడకు చేరిన సీమ అది. అక్కడికి ఇతర గ్రామాల నుంచి నింద పడిన స్త్రీలు రావడం మొదలుపెట్టారు. ఆమె కాపాడినవారి సంఖ్య వంద దాటినదని చెబుతారు. సంఖ్య సంగతి అటుంచితే, నింద పడిన స్త్రీ పరుగెత్తడానికి ఒక దిక్కు ఏర్పడినది. 1995లో ఛుట్నీకి ఆ దిక్కు లేదు.

రాష్ట్రపతి భవనంలో పద్మశ్రీ అందుకున్న తరువాత ఆమె పేరుకు ముందు చేర్చదగిన మాట ఒకటి దొరికింది. పరిచయం చేసేవారికి ఇప్పుడు ఇబ్బంది లేదు. కాని 1996-97లో, ఆ మాట లేనప్పుడు, దరఖాస్తులోని గడులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు, ఈ మనిషి మన పనికి పనికివస్తుందని గ్రహించిన కొద్దిమంది ఉన్నారు. వారి ఎంపిక కూడ గుర్తుంచుకోదగినది. ఇప్పటికీ ఏ చిన్న పట్టణంలోనో ఒక న్యాయ సహాయ సంస్థ గుమ్మం దగ్గర ఒక స్త్రీ ఫిర్యాదు చెప్పుకొనడానికి వచ్చి నిలబడి ఉంటుంది. ఆమె కష్టం విని, కాగితం రాసి, సంతకమో వేలిముద్రో వేయించుకుని పంపివేయడం ఒక పద్ధతి. కేసు ముగిసిన తరువాత, ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేసి, "రేపటి నుంచి నీవు కూడ మాతో రా" అనడం మరొక పద్ధతి.